ఇరవై మూడో రౌండు

మా డ్రిల్లు సార్ రిటైరవుతున్నారని పాత విద్యార్థులందరం కలిసి ఒక సభ పెట్టాలనుకున్నాం. నేను అప్పటికి రేపల్లెలో ఓ ప్రైవేటు స్కూల్లో పిల్లల చేత ఆటలాడించే టీచర్ని. దగ్గరలో ఉన్నదాన్ని కాబట్టి, సభలో ఎవరెవరు మాట్లాడాలో సార్‌ని అడిగి రమ్మని ఆ పని నా నెత్తిన పెట్టారు. శనివారం స్కూలు వదలగానే రైలెక్కి తెనాలిలో దిగాను.

సార్ టీవీ ముందు కూర్చుని ఉన్నారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్పు, ఆడవాళ్ల పదివేల మీటర్ల పరుగు, ఇరవై అయిదు రౌండ్లు. "రా అమ్మాయ్, కూర్చో. మంచి రేసు, ఇప్పుడే మొదలైంది" అన్నారు. వచ్చిన పని చెబుదామన్నా ఆయన చెవిన పడేలా లేదు. నేనూ కూర్చుని చూడసాగాను.

మొదటి పది రౌండ్లు అందరూ ఒకే గుంపు. తర్వాత ముందు నలుగురు విడిపోయారు, ఆ తర్వాత ఇద్దరే మిగిలారు. చూస్తుండగానే ఆ ఇద్దరూ ఒక రౌండు ఎక్కువ తిరిగి అందరికన్నా వెనకున్న ఒకమ్మాయి వీపు వెనక్కి వచ్చేశారు. ఆమె ఒక అడుగు పక్కకి జరిగి దారిచ్చింది. అంతే, మళ్లీ తన పరుగు తాను పరిగెత్తుకుంటోంది. ఎవరూ ఆమెని బయటికి రమ్మనలేదు. గీత దగ్గర బల్లల ముందు మనుషులు బారుగా కూర్చుని ఒక్కొక్కరి రౌండ్లు ఒక్కొక్కరు రాస్తున్నారు. ఆఖరిదానికీ ఒక మనిషి. నేను ముందున్నవాళ్లని వదిలేసి ఆ మనిషినే చూడసాగాను.

ఎందుకో చెబుతాను. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తలో బాపట్లలో ఓ కాలేజీ గ్రౌండులో జిల్లా పోటీలు జరిగాయి. ఆడపిల్లలకి అయిదువేల మీటర్లు. గ్రౌండు చిన్నది, సున్నంతో గీసిన ట్రాకు రెండువందల మీటర్లే, కాబట్టి మాకూ ఇరవై అయిదు రౌండ్లు. ఫస్టొచ్చిన ఒక్కదాన్నే రాష్ట్ర పోటీలకి పంపుతారు. మా అమ్మ వేమూరు పొలాల్లో నాట్లకి వెళ్లేది. ఈ ఏడాది గెలవకపోతే పరుగూ లేదు, కాలేజీ లేదు, తనతో పాటు నాట్లకి రావాల్సిందేనని ముందే చెప్పేసింది. అంచేత నాకు ఆ రేసు ఆట కాదు.

తొమ్మిది మందిమి మొదలుపెట్టాం. మా పోటీల్లో ఒక పద్ధతి ఉండేది. ముందున్నవాళ్లు ఒక రౌండు దాటేస్తే ఆ వెనకబడినవాళ్లని అక్కడికక్కడే ఆపేసేవారు. ఎండెక్కుతోంది, అవతల ఇంకా లాంగ్‌జంప్ ఉంది, భోజనాలున్నాయి. అలా అయిదుగురు వెళ్లిపోయి నలుగురం మిగిలాం. నేనే ముందున్నాను. నా వెనక సగం రౌండు దూరంలో రెండో అమ్మాయి. ఇక మిగిలిన ఇద్దరి వెనక్కి నేను వచ్చేశాను, దాటబోతున్నాను. ఇరవై మూడో రౌండు అయిపోయింది. నోట్లోనే లెక్కపెట్టుకుంటున్నాను, నా లెక్క తప్పలేదు.

సరిగ్గా అప్పుడు ముఖ్య అతిథి కారు గేట్లోకి వచ్చింది. బల్ల దగ్గరున్న వాళ్లంతా దండలు పట్టుకుని పరుగో పరుగు. నా రౌండ్లు రాస్తున్నది మా సారే. ఆయనా లేచారు. లేచి చూస్తే ఆయనకి కనిపించిందేంటి? ముగ్గురు ఒకరి వెనక ఒకరు ఈడ్చుకుంటూ వస్తున్నారు, అవతల ఒకమ్మాయి ఒంటరిగా దూసుకుపోతోంది. చెయ్యెత్తి "మీ ముగ్గురూ బయటికి రండమ్మా, త్వరగా!" అన్నారు.

మిగతా ఇద్దరూ బతుకు జీవుడా అని గడ్డి మీద కూలబడ్డారు. నేనూ ఆగాను. "సార్, నాకింకా రెండు రౌండ్లేనండి, నేనే ముందు" అన్నాను. "నడు నడు, గెస్ట్ వచ్చేశారు" అని ఆయన నా మొహం కూడా చూడకుండా వెళ్లిపోయారు. నేను వెనక్కి తిరిగేసరికి రెండో అమ్మాయి నన్ను దాటి వెళుతోంది. ఆమెకే ఆఖరి రౌండు గంట కొట్టారు, ఆమెకే దండ వేశారు. నా కాగితం మీద మాత్రం 'మధ్యలో విరమించినది' అని రాశారు. అడిగితే సార్ కాగితం తీసి చూపించారు. "ఇరవై రెండే టిక్కులున్నాయమ్మా, నేనేం చెయ్యను" అన్నారు. టిక్కు పెట్టాల్సిన మనిషి లేచి పోయాక టిక్కెక్కడి నుంచి వస్తుంది?

ఆ వానాకాలం మా అమ్మ వెనకాలే బురదలోకి దిగాను. అక్కడి నుంచి ఈ రేపల్లె ఉద్యోగం దాకా ఎలా వచ్చానో వేరే కథ. కానీ ఇన్నేళ్లూ ఒక్కటే కోరుకున్నాను. సార్ ఒక్కసారి, ఎవరూ లేని చోటయినా సరే, "పొరపాటు నాదమ్మా" అంటే చాలు. దానికి మించి నాకేమీ అక్కర్లేదు.

టీవీలో గంట మోగింది. ముందున్న ఇద్దరూ ప్రాణం పెట్టి పరిగెత్తారు. ఒకామె గెలిచి కింద పడిపోయింది. సార్ తొడ చరుచుకుని నా వైపు తిరిగారు. "చూశావా, అదీ స్టామినా అంటే! నీకు తక్కువైంది అదే. ఆ రోజు బాపట్లలో ఇంకో రెండు రౌండ్లు ఓర్చుకుని ఉంటే ఎక్కడో ఉండేదానివి."

వంటింట్లోంచి వాళ్లావిడ తొంగి చూసి, "ఏవండీ, మధ్యలో ఆగిపోయిందని చెబుతుంటారు, ఆ అమ్మాయి ఈవిడేనా?" అన్నారు. అంటే ఇన్నేళ్లుగా ఇంట్లో ఇదే కథ నడుస్తోందన్నమాట! నాకు ఒళ్లు భగ్గుమంది.

"నేను ఆగలేదు సార్. మీరు ఆపారు" అన్నాను.

"నేనా?"

"మీరేనండి. గెస్ట్ వచ్చారని చెయ్యెత్తి ముగ్గుర్నీ బయటికి పిలిచారు. నేను ఫస్టున్నాను."

ఆయన టీవీ సౌండు తగ్గించి, "నిజంగా ఫస్టున్నదానివైతే ఎందుకాగావు? ముందున్నవాళ్లు ఎవరైనా ఆగుతారా?" అన్నారు.

"మీరు చెప్పారు కాబట్టి ఆగాను."

"అయితే ఇప్పుడేంటి, గురువు మాట వినడం తప్పంటావా?"

టీవీలో ఆ వెనకబడినమ్మాయి ఇంకా పరిగెత్తుతూనే ఉంది, స్టేడియమంతా లేచి చప్పట్లు కొడుతోంది. సార్ వార్తలకి మార్చేశారు. వాళ్లావిడ ఉప్మా పెడితే సిగ్గులేకుండా తిని, మాట్లాడేవాళ్ల పేర్లు రాసుకుని వచ్చేశాను.

సభ తెనాలిలోనే జరిగింది. శాలువాలయ్యాయి, పొగడ్తలయ్యాయి, చివర్లో సార్ మైకు అందుకున్నారు. తన దగ్గర తయారైన పిల్లల గురించి చెబుతూ చెబుతూ నా దగ్గరికి వచ్చారు. "మూడో వరసలో కూర్చుంది చూడండి, బంగారం లాంటి కాళ్లు. రెండు రౌండ్లుండగా చేతులెత్తేసింది. మొన్న మా ఇంటికొచ్చి ఏమందో తెలుసా? తానే ఫస్టంట! నేనే ఆపేశానంట!"

హాలంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వుతున్నారు. కోపం లేదు, ఎగతాళి కూడా కాదు, నిజంగా ముచ్చటపడుతున్నారు. ఆయనకి ఆ కథ అలాగే జరిగిందని నమ్మకం కుదిరిపోయింది. "ఏమ్మా, అంతేనా?" అని మైకులోంచే అడిగారు.

తలలన్నీ నా వైపు తిరిగాయి. లేచి నిలబడ్డాను. అడగాల్సిందంతా అడిగేయడానికి అంతకన్నా మంచి అదను మళ్లీ రాదని తెలుసు. ఆ ఎండ, ఆ కారు, ఆ దండలు, ఇరవై రెండు టిక్కులు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి.

"అవునండి సార్" అన్నాను. పళ్లికిలించి మరీ అన్నాను.

చప్పట్లు మోగాయి. కూర్చోగానే పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ నా భుజం తట్టి, "ఎంత మంచి పిల్లవమ్మా" అంది.