పాణి అంటే పని కాదు

ఈ రోజు అరకు మిషను ట్రైనింగు క్లాసులో, పంతుళ్ళు కాబోయేవాళ్ళని తమ మొదటి బడి రోజు గురించి చెప్పమన్నాను. సోంబారి అనే కొండపిల్ల లేచింది.

"దాహమేసి 'పాణి' అన్నానండి. మా ఒడియా మాటలో నీళ్ళు. మేస్టరికి 'పని' అని ఇనిపించి సీపురిచ్చారు. వసారా అంతా తుడిసీసి మళ్ళీ 'పాణి' అన్నాను. పెరడు సూపించారు."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ మేస్టరుని నేనే. ఇంత పనిమంతురాలు ఇంకొకతె లేదని పన్నెండేళ్ళుగా కనిపించినవాడికల్లా చెప్పుకుంటున్నాను.

"మరి నీళ్ళెప్పుడు తాగావు?" అన్నాను.

"ఇంటికెళ్ళాక, బాబూ. అందుకే ఈ ట్రైనింగుకొచ్చాను."

కూజా నేనే తెచ్చిచ్చాను. తోటి మేస్టర్లూ, మీ బడిలోనూ చకచకా ఊడ్చే పిల్ల ఉంటే, మెచ్చుకునే ముందు నీళ్ళిచ్చి చూడండి. ఎన్ని చెంబులు తాగిందో నాకూ రాయండి.