జొన్నచేను దగ్గర ఆగే బండి

నలభై దాటాక మా ఆయన పాత చిన్న బైకు నడపడం నేర్చుకున్నాను. పొద్దున్నే ఝరాసంగం దారిలో వెళ్తే, అది రోజూ ఒకే జొన్నచేను దగ్గర ఆగిపోయేది. మంచులో ఊగే కంకులను చూస్తూ నిలబడి, తర్వాత బండిని తోసుకుంటూ ఇంటికొచ్చేదాన్ని.

"కార్బొరేటర్ ఖరాబైంది. కొత్తది ఏపిద్దం" అన్నారాయన.

జహీరాబాద్‌లో మెకానిక్ దాన్ని విప్పబోతూ, ట్యాంకు కింద తడిమి నవ్వాడు. "పెట్రోల్ నాబ్ బంద్ జేసి నడుపుతున్నవా అక్కా? కార్బొరేటర్‌ల మిగిలింది అయిపోంగనే ఆగుతది!"

రాత్రి వంటింట్లో గ్యాస్ కట్టేసి, ఆ చేత్తోనే బండి నాబ్‌నీ కట్టేసేదాన్ని. సాయంత్రం ఆయన అలవాటుగా తెరుచుకుని బజారుకెళ్లేవారు. పొద్దున నేను తెరిచేదాన్నే కాదు. దుకాణంలో అందరి ముందూ తలెత్తలేకపోయాను.

కార్బొరేటర్ మార్చలేదు. ఇప్పటికీ ఒక్కోరోజు కావాలనే నాబ్ తెరవకుండా బయలుదేరతాను. ఆ చేను దగ్గర బండి మెల్లగా నిద్రపోతుంది.