మూత బిగువు

ఫిల్మ్ నగర్‌లో మా డిజైన్ ఆఫీసు ఒక డబ్బింగ్ థియేటర్ పై అంతస్తులో ఉండేది. వంటింటి సామాన్లు తయారుచేసే ఒక కంపెనీకి మిక్సీ జార్లు గీసిచ్చేవాళ్లం. చుక్క కూడా బయటికి చిందని మూత ఒకటి నేను తయారుచేశాను. దాని మీద నాకు కొంత గర్వం ఉండేది.

నమూనా జార్‌ని ఆఫీసు వంటగదిలోనే వాడి చూసేవాళ్లం. మాకు మధ్యాహ్నం వంట చేసిపెట్టే ఆమె మోతీనగర్ నుంచి వచ్చేది. యాభై దాటాయి. అంతకుముందు చాలా ఏళ్లు షూటింగుల దగ్గర వంటపాత్రలు తోమిందట. వేళ్ల కణుపులు వాచి ఉండేవి.

"కొత్త మూత ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

"మంచిగున్నది సారూ."

వారం తర్వాత కాస్త మార్చి ఇంకోటి ఇచ్చాను. అదీ మంచిగానే ఉందంది. మూడోదీ అంతే. ఆ మాటే రాసి కంపెనీకి పంపాను.

ఒకరోజు మంచినీళ్ల కోసం వంటగదిలోకి వెళ్తే, ఆమె జార్‌ని పొట్టకు అదిమిపట్టి, మూత మీద తడిగుడ్డ వేసి, పళ్లు బిగబట్టి తిప్పుతోంది. నన్ను చూడగానే గుడ్డ తీసేసింది.

"రోజూ ఇంతేనా?"

"జర గట్టిగున్నది, గంతే. మీరు కష్టపడి చేసిన్రు, బాగలేదని ఎట్లంట సారూ?"

మర్నాడు నా వేళ్లు కూడా ఆమె వేళ్లలా సరిగ్గా వంగకుండా రెండేసి కలిపి ప్లాస్టర్ చుట్టుకుని, ఆమె ముందే మూత తియ్యబోయాను. మూడుసార్లు చెయ్యి జారింది. నాలుగోసారి ఒక్కసారిగా ఊడి, పల్లీ చట్నీ చొక్కా మీద పడింది.

"ఏంది సారూ గిదంతా!" అంటూ ఆమె నవ్వాపుకోలేకపోయింది. ఆ తర్వాతే నోరు విప్పింది. తడిచేత్తో పట్టు దొరకదంది. పొద్దున చలికి వేళ్లు ముడుచుకోవంది. ఇంట్లో ఉన్న మిక్సీకైతే ప్రతిసారీ కోడలితో మూత తీయించుకోవాలంటే సిగ్గుగా ఉంటుందంది. మొదటి రెండూ రాసుకున్నాను. మూడోది రాసుకోలేదు కానీ, గుర్తుండిపోయింది.

మూతకు రెండు పక్కలా చెవులు పెట్టాను. అరచేత్తో నెడితే తిరుగుతుంది. జూబ్లీహిల్స్‌లో కంపెనీ మేనేజర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "లుక్ పోయిందండీ. ముసలివాళ్ల సామానులా ఉంది" అన్నాడు. ఆయన వేళ్లకు కూడా ప్లాస్టర్ చుట్టి, పాత మూతా కొత్త మూతా ముందు పెట్టాను. పాతదానితో కాసేపు పెనుగులాడి, ఒక్క మోడల్‌కు మాత్రం ఒప్పుకున్నాడు.

తయారైన మొదటి జార్‌ని ఆమెకిచ్చాను. ఇంట్లో వారం వాడింది. ఈసారి నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"అల్కగ తిరుగుతున్నది సారూ. కానీ గా చెవుల సందుల పిండి ఇరుకుతున్నది. కడుగుడు మస్తు తక్లీఫ్."

ఎక్కడ ఇరుకుతోందో చూపించమన్నాను. మర్నాడు మూతను కడగకుండా అలాగే తీసుకొచ్చింది.