భూపాలపల్లి పొయ్యిలో నా బెండ్లు

నలభై నాలుగేళ్ల వయసులో కబడ్డీ మొదలుపెట్టానంటే మా ఇంట్లో వాళ్లే నమ్మలేదు. తప్పు నాది కాదు, సమ్మెది. నిరుడు తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన సకల జనుల సమ్మెలో జనగామలోని మా ఆఫీసుకు తాళం పడింది. ఇరవై ఏళ్లుగా గుమాస్తా కుర్చీకి అతుక్కుపోయిన దాన్ని ఒక్కసారిగా హైదరాబాద్ రోడ్డు మీద షామియానా కిందికి వచ్చి పడ్డాను. వంటా వార్పు రోడ్డు మీదే, బతుకమ్మ రోడ్డు మీదే, మధ్యాహ్నం కబడ్డీ కూడా రోడ్డు మీదే. ఆడవాళ్ల జట్టులో ఒకరు తక్కువైతే నన్ను లాగారు. కూతకు వెళ్లి మొదటి అడుగులోనే దొరికిపోయాను. మోకాలు గీరుకుపోయింది కానీ ఆ పూట అన్నం ఎంత రుచిగా ఉందో చెప్పలేను. లారీ ఒక్కటీ తిరగని బందు రోజుల్లో అదే రోడ్డు మీద సైకిలు నేర్చుకున్నాను. సమ్మె ముగిసి ఫైళ్లు తెరుచుకున్నా నా కాళ్లు మాత్రం కుర్చీ కింద ఊరుకోలేదు. ఆదివారాలు చుట్టుపక్కల గుట్టలెక్కడం అలవాటైంది.

మిగిలింది నీళ్లు. తొమ్మిదేళ్లప్పుడు బావిలో జారిపడితే ఎవరో జుట్టు పట్టి పైకి లాగారు. అప్పటినుంచి నీళ్లంటే వణుకు. కాళేశ్వరం మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ గోదావరి మెట్ల మీద కూర్చుని చెంబుతో నెత్తిన పోసుకుని వచ్చిన దాన్ని. ఈ సంగతి షామియానా కింద మంగ్లీకి చెప్పాను. మంగ్లీ మా ఆఫీసులో అటెండరు, నాకంటే ఆరేళ్లు చిన్నది, మహబూబాబాద్ దగ్గరి తండా ఆమెది.

"మా అన్న బాయి ఉన్నది, నేను నేర్పుత. సూద్దాం, తెలంగాణ ముందొస్తదా, నీకు ఈత ముందొస్తదా!" అంది.

ఎండాకాలం నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే జనగామలో రైలెక్కి, రెండు గంటల్లో మహబూబాబాద్‌లో దిగి, ఆటోలో తండాకు వెళ్లేదాన్ని. మంగ్లీది వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి. ఎండిన జీలుగ కాడలు దూదంత తేలిక. వాటిని మూరెడు ముక్కలుగా కోస్తే అవే బెండ్లు. ఏడు బెండ్లు నడుముకు కట్టి బావిలోకి దింపుతుంది. ఈత కుదిరేకొద్దీ ఒక్కోటి తీసేస్తుంది. "ఆఫీసుల మేడంవి. బాయిల మేడం లేదు గీడం లేదు, కాళ్లాడియ్యి!" అని పైనుంచి అరుపులు. ఏడు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. అక్కడ నేను మొండికేశాను. రెండు బెండ్లు నన్ను మోసేంతటివి కావని మంగ్లీకి తెలుసు, నాకూ తెలుసు. అయినా విప్పుతానంటే ఏడుపొచ్చేది. అలా మూడు నెలలు గడిచాక నా మీద నాకే విసుగొచ్చింది. రెండు బెండ్లతోనైనా సరే, కాళేశ్వరంలో దిగి పది బారలు ఈదుతానని, ఈదకపోతే మళ్లీ బావి ముఖం చూడనని నోరు జారాను.

మార్గశిరంలో ఒక శనివారం తండాలోనే పడుకుని, తెల్లవారి అయిదున్నర రైలుకు మహబూబాబాద్‌లో బయలుదేరాం. ఏడింటికి వరంగల్, అక్కడినుంచి ఆటోలో హనుమకొండ బస్టాండు. ఎనిమిదింటికి పరకాల మీదుగా భూపాలపల్లి వెళ్లే బస్సు దొరికింది. టికెట్టు నలభై చిల్లర. కండక్టరు నా ఒళ్లోని బెండ్లు చూసి, "ఏందక్కా గిది, దేవునికి మొక్కా?" అన్నాడు. ఈత అన్నాను. "మంచిగున్నది. సమ్మెల మేం డిపో ముంగట క్రికెట్ ఆడినం. గప్పటిసంది మా డ్రైవరన్న ఆదివారం డ్యూటీ అంటే మొఖం మాడ్సుకుంటుండు" అని ముందుకు వెళ్లిపోయాడు.

పదింటికి భూపాలపల్లిలో దిగాం. కాళేశ్వరం బస్సుకు ముప్పావుగంట టైముంది. బస్టాండు బయట రాజవ్వ అనే పెద్దామె చిన్న హోటలు నడుపుతోంది. బొగ్గు గనుల ఊరు కదా, ఆమెది బొగ్గు పొయ్యే. ఉప్మా చెప్పి, బెండ్లు పొయ్యి పక్కన గోడకు ఆనించి, వెనక చేతులు కడుక్కోవడానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి పొయ్యి భగభగా మండుతోంది. గోడ దగ్గర బెండ్లు లేవు.

"అవ్వా, ఈడ పెట్టిన బెండ్లేవి?" అన్నాను.

"అయ్యో బిడ్డా, గవి నీయా? బొగ్గు తడిసి పొద్దటిసంది అంటుకుంటలేదు. ఎవలో కట్టెపుల్లలు ఏసి పోయిండ్రనుకున్న. అగ్గిపుల్ల సూపిచ్చుడే, భగ్గుమన్నయ్!"

మంగ్లీ నవ్వి నవ్వి బల్ల మీద వాలిపోయింది. నేను మాత్రం పొయ్యిలోకే చూస్తూ నిలబడ్డాను. నా ప్రాణం ఆ పొయ్యిలోనే కాలిపోతున్నట్టు అనిపించింది. వెనక్కి పోదామన్నాను.

మంగ్లీ నవ్వు ఆపింది. "నీ ఇష్టమక్క. హనుమకొండ బస్సు గదే, నిలబడ్డది" అంది. బతిమాలితే కోప్పడేదాన్నేమో. ఆ చల్లటి మాట మాత్రం సూటిగా గుచ్చుకుంది. ఇంతలో రాజవ్వ లోపలి నుంచి అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా తెచ్చింది. "మా పిల్లలు దీన్ని పట్టుకొనే ఈత నేర్సిండ్రు. మూత గట్టిగ బిగిచ్చుకో. వొచ్చేటప్పుడు ఇచ్చిపో బిడ్డా." తీసుకున్నాను. ఆ బెండ్లతో కాగిన చాయ్ కూడా తాగాను. బాగుంది, ఒప్పుకోవాలి.

పన్నెండున్నరకు కాళేశ్వరం చేరాం. గోదావరి, ప్రాణహిత కలిసే చోట నీళ్లు తేటగా ఉన్నాయి. పడవ నడిపే పోశమన్నతో మాట్లాడుకున్నాం. యాభై ఇస్తే పడవను పక్కనే ఆపుకుని ఉంటానన్నాడు. వెదురుగడ నీళ్లలో గుచ్చి లోతు చూపించాడు. "ఈడికెల్లి ఆడిదాక ఇసుకనే, ఛాతీలోతు. గా నల్లగ కనబడే దిక్కు పోకుండ్రి, మడుగున్నది."

మంగ్లీ వెళ్లి పది బారల దూరంలో నిలబడింది. నేను డబ్బాను కావలించుకుని దిగాను. రెండు చేతులూ దానికే సరిపోయాయి, కాళ్లేమో కిందికి లాగుతున్నాయి. బావిలో నేను నేర్చుకున్నది చేతులతో కదా! కాసేపు ఛాతీలోతులో అలాగే నిలబడ్డాను. "అన్నా, జర గిది పట్టు" అని డబ్బాను పోశమన్నకు అందించి, కళ్లు మూసుకుని ముందుకు పడ్డాను. ఎన్ని బారలు వేశానో లెక్క లేదు. చెయ్యి వెళ్లి మంగ్లీ భుజానికి తగిలింది. ఆమె వాళ్ల భాషలో ఏదో అరిచింది. అర్థం కాలేదు కానీ సంతోషమని తెలిసింది. నేను ఏడ్చాను, నీళ్లలో ఎవరికీ కనబడదులే అని ధైర్యంగా ఏడ్చాను. మళ్లీ ఈదుకుంటూ వెనక్కి వచ్చాను.

దర్శనం చేసుకుని, భోజనం చేసి, మూడు గంటల బస్సెక్కితే అయిదింటికి భూపాలపల్లి. రాజవ్వ డబ్బా అందుకోబోయి తూలింది. "బరువున్నదేంది బిడ్డా?"

"గోదావరి నీళ్లవ్వా, నీకోసం తెచ్చిన."

ఆమె డబ్బానూ నన్నూ మార్చి మార్చి చూసింది. "నీళ్లు తెచ్చుడుకే అక్కరొచ్చిందా గిది? దీన్ని పట్టుకోకుండనే ఈదినవన్నట్టే!" అని, మూత తీసి దోసెడు నీళ్లు తన నెత్తిన చల్లుకుంది.

"ఈత ముందొచ్చె. ఇగ తెలంగాణ రావాలె" అంది మంగ్లీ.

అది ఎప్పుడొస్తుందో తెలియదు. పిలుపొస్తే మళ్లీ షామియానా కిందికి వెళ్తాం, ఈసారి కబడ్డీలో అంత తేలిగ్గా దొరకను. అడిగినదింకా చేతికి రాలేదు. అయితే అడగడానికి రోడ్డెక్కిన ఏడాదిలో నేనెన్నడూ అడగనివి నాకు నాలుగొచ్చాయి. మనసు నిండుగా ఉంది.

ఈ దారిన వెళ్లాలనుకునే వాళ్లకు ఒక్కటే సలహా: వానాకాలం వరద పూర్తిగా తీశాకే వెళ్లండి, పడవవాళ్లు గడ వేసి చూపిన చోటే దిగండి. ఇంకా ఏడు బెండ్ల మీద ఉన్నవాళ్లు బావి దగ్గరే ఆగండి. నాలాగా చివరి రెండింటి దగ్గర ఆగిపోయిన వాళ్లయితే, వాటిని రాజవ్వ పొయ్యి పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లండి.