తెర మీద పచ్చ, కాగితం మీద నేరేడు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. ఫొటో స్టూడియోలో పుట్టి పెరిగినదాన్ని. తెల్ల జుట్టు, నల్ల పళ్లతో నెగటివ్‌లోంచి చూసే మనుషులను పదేళ్లు నిండకముందే వందల్లో చూశాను. అంతకంటే భయంకరమైన దెయ్యం ఎక్కడుంటుంది?

నేను భయపడింది ఒక్కదానికే. కళ్లు పోతాయేమోనని.

దానికి కారణం మా బాపు, అంటే మా నాన్న. షాద్‌నగర్ బజారులో ఆయనకు చిన్న స్టూడియో ఉండేది. ఎనభైలలో నలుపు తెలుపు ఫొటోల మీద చేత్తో రంగులు వేసేవాడు. పుల్లకు దూది చుట్టి, రంగులో ముంచి, బుగ్గలకూ చీరలకూ పూలకూ అద్దేవాడు. ఆ పనిలో ఆయనకు మంచి పేరుండేది.

ఒకరోజు ఒక పెళ్లికూతురి నీలం చీరకు ఆకుపచ్చ వేసి ఇచ్చాడు. వాళ్లు వచ్చి గొడవ చేస్తే, నీలమే వేశానని మా తలల మీద ఒట్టు వేశాడు. ఆయన అబద్ధం ఆడుతున్నాడనుకుని ఇంట్లో అందరం నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను. నాలుగేళ్లలో బాపుకు చూపు పూర్తిగా పోయింది. కంటి నరం ఎండిపోయిందనీ, ఇది వంశంలో రావచ్చనీ, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలనీ పట్నంలో డాక్టరు చెప్పాడు. తమ్ముడు వెళ్లి చేయించుకున్నాడు. నేను మాత్రం పని ఉందని, పండుగ వచ్చిందని, జ్వరమని ఏళ్లు గడిపేశాను.

తొంభైల చివర మా స్టూడియోలోకి కంప్యూటరు వచ్చింది. బాపు దూదితో చేసిన పనిని నేను మౌస్‌తో చేయడం నేర్చుకున్నాను. పాత ఫొటోను స్కాన్ చేసి, తెర మీద రంగులు వేసి, ప్రింటు తీసి ఇచ్చేదాన్ని. బాపు రోజూ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చూపు లేకపోయినా స్టూడియోకు రాకుండా ఉండలేకపోయేవాడు.

ఒక ఎండాకాలం ఉదయం మా పక్క సందులో బట్టలు కుట్టే కాసిం చాచా ఒక ఫొటో తెచ్చాడు. అందులో కుర్చీలో కూర్చున్న ఒకావిడ, వెనుక స్టూడియో పరదా. చాచాకు నాలుగేళ్లప్పుడు చనిపోయిన వాళ్లమ్మ. ఆమెది అదొక్కటే ఫొటో.

"రంగులెయ్యి బిడ్డా. చీర ఆకుపచ్చది. నాకైతే యాది లేదు గానీ మా ఆపా చెప్పింది" అన్నాడు. ఆపా అంటే జడ్చర్లలో ఉండే ఆయన పెద్దక్క.

రెండు గంటల పని. ముఖానికి చామనఛాయ, కుర్చీకి చెక్క రంగు, చీరకు ముదురు ఆకుపచ్చ వేశాను. తెర మీద చక్కగా కుదిరింది. ప్రింటు తీశాను. చీర నేరేడు పండు రంగులో వచ్చింది.

ఇలాంటి తేడాలు మాకు మామూలే. తెర మీది రంగు, కాగితం మీది రంగు ఒకటిగా ఉండాలంటే కంప్యూటరుకు లెక్కలు చెప్పే ఒక ఫైలు ఉంటుంది, ప్రొఫైల్ అంటారు. అది చెడిపోయిందనుకుని తీసేసి కొత్తది తయారు చేశాను. మానిటర్‌ను అరగంట వేడెక్కనిచ్చి, తెర మీద బూడిద రంగు గళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయేదాకా సరిచేసుకున్నాను. మళ్లీ ప్రింటు తీస్తే మళ్లీ నేరేడే.

పక్కనున్న స్టెబిలైజర్‌లోని అయస్కాంతం తెర రంగులను లాగుతుందని తెలుసు కాబట్టి దాన్ని గది అవతలకు జరిపాను. గోడకున్న ఎర్ర రంగు తెర మీద పడుతోందేమోనని తెల్ల దుప్పటి కట్టాను. ఇంకు డబ్బాలు మార్చాను. వేరే ఫొటోలు ప్రింటు తీస్తే సరిగ్గానే వచ్చాయి. ఒక పాప పచ్చ గౌను పచ్చగానే వచ్చింది. ఈ ఫొటోలో కూడా ముఖం, కుర్చీ, వెనుక పరదా అన్నీ సరిగ్గా ఉన్నాయి. చీర ఒక్కటే మొండికేసింది.

రెండో రోజుకు నాలో దడ మొదలైంది. కంప్యూటరులో ఏ రంగు ఎంత పాలు కలిసిందో అంకెల్లో చూడొచ్చు. అంకెలు ఆకుపచ్చ అనే చెబుతున్నాయి. ప్రింటర్ బాగుంది, ఇంకు బాగుంది. ఇక బాగాలేనిది ఏది? ఆ ప్రింటు నిజంగా పచ్చగానే ఉందేమో, నాకే నేరేడుగా కనిపిస్తోందేమో. బాపుకు కూడా ఇలాగే ఒక్క చీరతోనే కదా మొదలైంది.

ఎవరినైనా పిలిచి "ఇది ఏం రంగు?" అని అడిగితే అరనిమిషంలో తేలిపోయేది. కానీ అడగలేదు. అడిగితే నిజమైపోతుందని భయం. మూడో రోజు కూడా తలుపు దగ్గరకు వేసుకుని ప్రింట్ల మీద ప్రింట్లు తీశాను.

ప్రింటర్ చప్పుడు బాపు వింటూనే ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం నెమ్మదిగా అడిగాడు.

"రంగు తేడా కొడ్తాందా బిడ్డా?"

"లేదు బాపు. ప్రింటర్ ఖరాబైంది" అన్నాను.

బాపు చేతికర్రను గట్టిగా పట్టుకున్నాడు. ఆయన నమ్మలేదని నాకు తెలిసింది.

నాలుగో రోజు కాసిం చాచా ఫొటో కోసం వచ్చాడు. ఇక దాచేది లేదు. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి తెర చూపించాను.

"చాచా, గీ చీర ఏం రంగు?"

"పచ్చ. నేనే గదా చెప్పిన."

చేతిలో ప్రింటు పెట్టాను.

"మరి ఇది?"

ఆయన కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. బట్టల మనిషి, రంగు విషయంలో తొందరపడడు.

"ఇది నేరేడు రంగు. గిట్లెట్ల వచ్చింది? పచ్చ అన్న గదా బిడ్డా!"

నేను ఏడ్చేశాను. పని చెడగొట్టానని ఏడుస్తున్నాననుకుని ఆయన కంగారుపడ్డాడు. "ఫికర్ జేయకు, ఫొటోనే గదా" అని ఓదార్చాడు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. తప్పు యంత్రానిదైనా సరే, ఇంకు కంపెనీదైనా సరే, నిజంగా దెయ్యానిదైనా సరే. నా కళ్లది కాదు. నాకు అదొక్కటే చాలు.

పక్క కుర్చీలో బాపు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "కాసింకు జర చాయ్ తెప్పియ్ బిడ్డా" అన్నాడు.

ఇక్కడితో అయిపోతే ఇది రాయవలసినంత సంగతి కాదు. యంత్రం చెడిందనుకుని మరిచిపోయేదాన్ని. కాసిం చాచా ఆ తప్పు ప్రింటునే ఆపాకు చూపిస్తానని పట్టుకెళ్లాడు. మూడు రోజుల తరువాత ఆపాను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన చంకలో ఒక పాత బొంత ఉంది.

ఆపాకు అరవై దాటి ఉంటాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీకు గీ రంగు ఎవరు చెప్పిండ్రు?" అని అడిగింది.

ఎవరూ చెప్పలేదన్నాను. ఆమె చేతిలోని ప్రింటులో చీర మీద వేలు పెట్టింది.

"అమ్మను దవాఖానకు తీస్కపోయిన దినం ఒంటి మీద గిదే చీర ఉండె. అమ్మ మళ్ల రాలె. గా దినం యాది చేసుకోబుద్ధి కాక తమ్మునికి పచ్చది అని అబద్ధం చెప్పిన. నానమ్మ పోయినంక నాకు తప్ప ఎవ్వరికీ ఎరుక లేదు" అంది.

అమ్మ పోయిన తరువాత దవాఖాన నుంచి తిరిగొచ్చిన ఆ చీరను వాళ్ల నానమ్మ బొంతలో పెట్టి కుట్టేసిందట. చాచా మా గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని బ్లేడుతో బొంత అంచు విప్పాడు. చీరలో పైకి కనిపించే భాగం వెలిసిపోయి మట్టి రంగుకు వచ్చింది. కుట్టు లోపల మడతలో మాత్రం రంగు అలాగే ఉంది. నేరేడు.

ప్రింటు తీసుకుని పక్కన పెట్టాను. రెండూ ఒకే రంగు. ఇక్కడ నా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. గుడ్డ రంగును కాగితం మీదకు తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎండలో ఒకేలా కనిపించిన రెండు రంగులు ట్యూబ్‌లైటు కింద వేరువేరుగా కనిపిస్తాయి. అందుకే రెండింటినీ లోపలికి తీసుకెళ్లి ట్యూబ్‌లైటు కింద చూశాను. బల్బు వేసి చూశాను. ఎక్కడా తేడా లేదు. కావాలని చేయమన్నా నా వల్ల అయ్యేది కాదు.

వాళ్ల ముందే ఆ ఫొటోను ఇంకోసారి ప్రింటు తీశాను. ఒక్క అంకె కూడా మార్చలేదు. ఈసారి చీర పచ్చగా వచ్చింది. ఆ తరువాత ఎన్నిసార్లు తీసినా పచ్చగానే వచ్చింది.

ఆపా పచ్చ ప్రింటు వైపు చూడలేదు. నేరేడు రంగుదాన్ని కొంగులో చుట్టుకుంది. "ఇన్నేండ్ల సంది గీ అబద్ధం గుండెల మీద ఉండె. ఇయ్యాల దిగింది" అని మొదటిసారి కూర్చుని మంచినీళ్లు అడిగింది.

మరుసటి వారమే బాపును వెంటబెట్టుకుని పట్నం వెళ్లి కళ్లు చూపించుకున్నాను. ఏ లోపమూ లేదన్నారు. తిరుగు బస్సులో బాపు నా చేయి వదల్లేదు.

ఆ ప్రింట్లు ఎందుకలా వచ్చాయో ఇప్పటికీ తెలియదు. ఆ పనిలో నాకంటే అనుభవమున్న ఇద్దరికి చెప్పాను. ప్రొఫైల్ అన్నారు, ఇంకు అన్నారు. అలాగైతే ఆ ఒక్క చీరే, ఆ ఒక్క రంగే ఎందుకని అడిగితే మాట మార్చారు. దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఎవరైనా ఆ కబుర్లు చెబుతుంటే ఇప్పుడు లేచి వెళ్లిపోవడం మానేశాను.

వెళ్లేముందు ఆపా ఆ చీరలోంచి వేలెడు పేలిక కత్తిరించి నా చేతిలో పెట్టింది. దాన్ని మానిటర్ పక్కన, వెలుతురు తగలకుండా ఒక డబ్బీలో దాచుకున్నాను. రోజూ పొద్దున తెరకంటే ముందు దాన్ని తీసి చూస్తాను. బాపు ఉన్నన్నాళ్లు పక్క కుర్చీలోంచి "ఏం రంగు బిడ్డా?" అని అడిగేవాడు.

"నేరేడే బాపు" అనేదాన్ని. ఆయన పోయిన తరువాత కూడా ఆ మాట పైకే అని, అప్పుడు పని మొదలుపెడతాను.