సైకిల్ స్టాండు బిళ్ళ

ఆ రోజుల్లో మా మందమర్రిలో చదువు అయిపోయి నౌకరీ రాని వాళ్లందరికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. ఒకడికి కోళ్ల ఫారం, ఇంకొకడికి షేర్లు. నన్ను పట్టుకున్నది మాత్రం పాత నాణేల పిచ్చి. "మీ ఇంట్లో ఈ నాణెం ఉందా? అయితే మీరు లక్షాధికారులే" అని ఫోన్లో వచ్చే ప్రతి మెసేజీనీ నేను వేదవాక్కులా నమ్మేవాణ్ని. నేను కలెక్టర్ కావాలని మా బాపుకు, అంటే నాన్నకు, కోరిక. నాణేలు పోగేస్తున్నానని తెలిశాక తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి, "అయితివి గదరా కలెక్టర్" అన్నాడు. వాడకట్టంతా ఆ పేరే ఖాయం చేసింది. (ఇప్పటికీ అక్కడ నా అసలు పేరు చెబితే ఎవరూ ఇల్లు చూపించరు.) ఒక్కసారైనా ఒక్క నాణెం వేలంలో అమ్మి, ఆ పేరులోని వెక్కిరింతను పోగొట్టాలని నా పంతం.

నా ఆస్తి మొత్తం అమ్మమ్మ ఇచ్చిన ఒక్క వెండి రూపాయి. దాని మీద చార్మినార్ బొమ్మ ఉండేది. ఫోటో పంపితే హైదరాబాదులోని వేలం కంపెనీ వాళ్లు, పరీక్ష చేయాలి, స్వయంగా తెమ్మన్నారు. "పాత టోకెన్ బిళ్ళలున్నా తీసుకురండి, వాటికీ కొనేవాళ్లుంటారు" అని కూడా అన్నారు. ఆ మాట వినగానే నా కళ్లు వంటింటి తలుపు పక్కనున్న మేకు మీద పడ్డాయి. దానికి బాపు బొగ్గుగని బిళ్ళ వేలాడుతోంది. గనిలోకి దిగేవాళ్లు ల్యాంపు రూములో ఇత్తడి బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకోవాలి, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. బాపు ఇంటికొచ్చి ఆ బిళ్ళను మేకుకు తగిలించేదాకా మా అవ్వ (మా దిక్కు అమ్మను అట్లాగే పిలుస్తాం) ముద్ద ముట్టేది కాదు. రిటైరయిన రోజు బాపు బిళ్ళ పోయిందని చెప్పి, జరిమానా కట్టి, దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు.

గనిలోకి దిగని మనిషికి బిళ్ళ ఎందుకు అనుకున్నాను. సినిమా హాలు సైకిల్ స్టాండులో ఇచ్చిన ఇత్తడి బిళ్ళ ఒకటి నా దగ్గర ఉండేది, సరిగ్గా అంతే సైజు, దాని మీదా ఒక నంబరు. (పోయిందని అబద్ధమాడి బిళ్ళలు దాచుకోవడం మాకు వంశపారంపర్యం.) అవ్వకు అంకెలు రావు. తెల్లవారి దాన్ని మేకుకు తగిలించి, అసలు బిళ్ళను జేబులో వేసుకొని రైలెక్కాను. నా అంత తెలివైనవాడు జిల్లాలో లేడని హైదరాబాదు దాకా నాకు గట్టి నమ్మకం.

వేలం ఆఫీసులో పరీక్ష చేసేది తెల్లగడ్డం పెద్దాయన. రూపాయిని తూచాడు, అద్దంతో చూశాడు, చివరికి చెవి దగ్గర పెట్టుకొని గోటితో కొట్టాడు. "కండ్లను మోసం జెయ్యొచ్చు బేటా, చెవిని జెయ్యలేం. మోతల్నే తెలుస్తది. అసలుదే. కని దేంతోని తోమినవ్?"

"చింతపండుతోని సార్, మంచిగ మెరుస్తదని."

"మెరుపు గావాల్నంటే సేటు దుకాణంల కొత్తది కొంటరు, మా దగ్గరికెందుకొస్తరు?" అని దాన్ని పక్కన పెట్టేశాడు. బిళ్ళను చూశాక మాత్రం ఆయన ముఖం మారింది. అంకెల సందుల్లో ఇంకా బొగ్గు మసి ఉంది. "గీ మసి పోనియ్యకు, గదే దీనికి సర్టిఫికెట్. దీన్ని వేలంల వెడదాం" అని ఫారం ఇచ్చాడు. 'ఈ వస్తువు మీకు ఎలా సంక్రమించింది?' అని అందులో ఒక గడి. దర్జాగా 'వంశపారంపర్యం' అని రాసి, సంతకం పెట్టబోతుంటే ఫోను మోగింది.

బాపు. "అరే కలెక్టర్, మీ అవ్వ పొద్దుగాల్ల సంది తింటలేదురా. నేను ఇంట్లనే కూసున్ననే అంటే ఇంటలేదు. నువ్వొచ్చినవ్ కని, బిళ్ళ రాలే అంటున్నది."

"మేకుకే ఉన్నది గదా బాపు" అన్నాను. అవ్వ ఫోను గుంజుకుంది. "గది మనది గాదు బిడ్డా. తలుపు తీస్తే గోడకు తాకి మోగుతది గదా, గా మోత వేరే ఉన్నది. ఎవలో మార్చిండ్రు. జర జల్ది రా, నాకు పానం కొట్టుకుంటున్నది."

ఆ 'ఎవలో' అన్న మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను అనుమానించాలని కూడా ఆమెకు తోచలేదు. పెద్దాయనకు అంతా వినిపించినట్టుంది. ఫారం మీద అడ్డగీత కొట్టి, బిళ్ళను కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "నేను అద్దం, తక్కెడ పెట్టుకొని నలభై ఏండ్ల సంది జేస్తున్న. మీ అమ్మకు ఇవేం అక్కర్లేదు. తీస్కపో, అన్నం తిననియ్యి."

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. బిళ్ళ మార్చింది నేనేనని చెప్పేశాను. అవ్వ తిట్టలేదు. బిళ్ళను మేకుకు తగిలించి, తలుపును ఒకసారి తీసి వేసి, మోత విని, కంచం ముందు కూర్చుంది. ఆమె తిన్నంతసేపూ నేను తల ఎత్తలేదు. బాపు మాత్రం, "కలెక్టర్ సాబ్ పట్నం దౌరా అయిపోయింది, గాయనకు గూడ ఇంత పెట్టు" అన్నాడు.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో గుమాస్తాను. ఆ సైకిల్ స్టాండు బిళ్ళ మా ఇంటి తలుపు పక్కన మేకుకు, బండి తాళాలతో పాటు వేలాడుతుంటుంది. ఈమధ్య అవ్వా బాపూ కొండగట్టు మొక్కు తీర్చుకొని మా ఇంటికి వచ్చారు. అవ్వ దాన్ని చూసి గోటితో కొట్టి, "దొంగ బిళ్ళ ఇంక ఉన్నదా" అని నవ్వింది. మరునాడు ఆఫీసులో పని పడి ఆలస్యంగా వచ్చాను. బాపు తిని పడుకున్నాడు, అవ్వ మాత్రం కంచం ముట్టలేదట. నేను తలుపు తోసి తాళాలు తగిలించగానే బిళ్ళ గోడకు తాకి మోగింది. లోపలి నుంచి అవ్వ నా భార్యతో అంటున్న మాట వినిపించింది.

"ఆ, కలెక్టర్ వచ్చిండు. ఇగ నాకు పెట్టు బిడ్డా."