చల్లారిన ప్రెస్సుకు కట్టిన పసుపుదారం

చేయని పనిలో తప్పు చేసిందని సుభాషిణిని ఉద్యోగంలోంచి తీసేశారు.

బొగ్గుబావిలో పనికోసం మంచిర్యాల వైపు నుంచి చంద్రపూర్ వచ్చి స్థిరపడిన బాపయ్య కూతురామె. ఊరి చివరి పారిశ్రామికవాడలో, విదేశాలకు స్మార్ట్‌కార్డులు పంపే కంపెనీలో వేడిప్రెస్సు నడిపేది. చిప్పును ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి, రెండు ఇనుప పలకల నడుమ అదిమి అతికించే యంత్రమది.

వానాకాలంలో ఆ ప్రెస్సు ఆగింది. బయటి దేశాల బ్యాంకులు కార్డులు మాని ఫోన్లకు మళ్లాయని, ఆర్డర్లు పలచబడ్డాయని మేనేజరు అనంతరావు చెప్పాడు. ఆమె నమ్మి, చూపించిన ప్యాకింగు పనిలో చేరింది. దీపావళి దాటాక అదే అనంతరావు ఎగుమతులు పెరిగాయని అందరికీ పాలకోవా పేడాలు పంచాడు. సుభాషిణి పేడాను కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. ప్రెస్సు చల్లగా పడి ఉంటే పెరిగిన సరుకు ఎక్కడిది? వెనక గేటున వచ్చే లారీల్లో కార్డులు తయారై దిగుతున్నాయి. ఆమె చేతుల మీదుగానే, భారత్‌లో తయారైనట్టు అచ్చువేసిన కొత్త డబ్బాల్లోకి మారుతున్నాయి. షిఫ్టు చూసే దత్తును అడిగింది.

“మన దేశం పేరుంటె కొనేటోళ్ల దేశంల సుంకం తక్కువంట అక్కా. గీ పంచాది నీకెందుకు, డబ్బాలు నింపు,” అని నవ్వాడు దత్తు.

చలికాలంలో ఆ సరుకే తిరిగొచ్చింది. ఆఫ్రికాలో ఒక నగరపు బస్సులకు పంపిన కార్డులు పొరలు విడిపోయాయి. కొన్నవారు సంజాయిషీ అడిగితే, దసరా తర్వాత ప్రెస్సు వేడి సరిగా పెట్టని సుభాషిణిదే నిర్లక్ష్యమని కంపెనీ జవాబిచ్చింది.

విచారణలో ఆమె నిలబడి చెప్పింది: “దసరాకు ఆయుధపూజ చేసి, ప్రెస్సు రెండు పలకలకు కలిపి పసుపుదారం నేనే కట్టిన సార్. మిషిన్ నడిస్తె దారం మాడిపోవాలె. గిప్పుడే పోయి సూడున్రి, కట్టింది కట్టినట్టే ఉన్నది.”

రేపు చూద్దామన్నాడు అనంతరావు. ఇప్పుడే చూడాలని ఆమె పట్టుబట్టింది. ఆమెను గేటు బయటికి పంపించారు.

మర్నాడు ఆమెను లోపలికి పిలిచేసరికి ప్రెస్సు తళతళలాడుతోంది. దారం లేదు, బొట్టు లేదు. పక్క యంత్రాల మీద మాత్రం దసరా కుంకుమ ఎండి అలాగే ఉంది. దారమెక్కడమ్మా అని అనంతరావు మెత్తగా అడిగాడు. ఆమె అతని వైపు చూడలేదు.

“ఏం దత్తన్నా, దసరా బొట్టు ఒక్క నా మిషిన్‌కే మాసిందా?”

దత్తు వంగి, ముడి ఊడని బూటులేసు కట్టుకున్నాడు.

కంపెనీ యజమానులారా, ఆ డబ్బాల మీది దేశం పేరు నిజమేనని ముద్రవేసిన అధికారులారా! దారాన్ని తీసేశారు. ఆ ప్రెస్సుకు దసరా తర్వాత ఎంత కరెంటు కాలిందో బయటపెట్టండి. కాలలేదని తేలితే, ఆ కార్డులు ఏ దేశంలో తయారయ్యాయో చెప్పండి. సుభాషిణి మీద వేసిన నిందను రాతపూర్వకంగా ఉపసంహరించుకుని, ఆమె ప్రెస్సును ఆమెకు అప్పగించండి.